కునుకు తీయనన్న ముళ్ళపంది

అనగనగా ఒక అడవి. ఆ అడవికంతా ఒకటే వాగు. ఆ వాగు ఎవరిది? అందరిదీ. ఇంత చిన్న మాట, పిల్లలూ, బండకొమ్ము అనే అడవిదున్న తలకు మాత్రం ఎక్కలేదు. ఒక ఎండాకాలం వాడు తన మందతో వచ్చి వాగుకు అడ్డంగా బండరాళ్ళు దొర్లించాడు. పైన దున్నలు పొర్లాడటానికి చెరువంత నీళ్ళు. కింద మడుగులో బురద. ఆ బురదలో చేపపిల్లలు నోళ్ళు తెరిచి కొట్టుకుంటుంటే, దున్నలు మెడదాకా నీళ్ళలో మునిగి హాయిగా నెమరు వేస్తున్నాయి!

సూదిగాడికి ఒళ్ళు మండిపోయింది. వాడొక పడుచు ముళ్ళపంది. "నీళ్ళు ఎవడబ్బ సొమ్ము?" అని అరిచి తోకముళ్ళు గలగలలాడించాడు.

"ఎవడబ్బ సొమ్ము?" అని అడవంతా అరిచింది.

దున్నలు ఉప్పు నేల నాకనిదే ఉండలేవు. అక్కడికి పోయేది ఒకటే ఇరుకు దారి. జంతువులన్నీ ఆ దారికి అడ్డంగా కూర్చున్నాయి. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఊరికే కూర్చున్న ప్రాణిని ఎవరూ తొక్కకూడదు. కూర్చున్నవాళ్ళు గోరు, కొమ్ము, ముల్లు ఏదీ ఎత్తకూడదు. ఎత్తారా, ఇక తొక్కినా అడిగే దిక్కుండదు.

కొండముచ్చుల పెద్ద ముచ్చమ్మ ఇలా అంది: "వంతులు వేసుకుందాం. మా మంద మేస్తుంటే ఒకరు చెట్టు కొసన కాపలా ఉంటారు. వాళ్ళు దిగితే ఇంకొకరు ఎక్కుతారు. ఒరే సూదిగా, నువ్వు రాత్రి తిరిగేవాడివి. రాత్రి కూర్చో. పగలు బొరియలో పడుకో."

"ఉద్యమానికి పగలూ రాత్రీ ఏమిటి అత్తా? విశ్రాంతి అంటే ద్రోహం!" అన్నాడు సూదిగాడు.

"ఎవరికిరా ద్రోహం, నీ కళ్ళకా?" అంది ముచ్చమ్మ. వాడు వినలేదు. పగలూ కూర్చున్నాడు, రాత్రీ కూర్చున్నాడు.

వాళ్ళమ్మ దుంప తవ్వి తెచ్చింది. "చేపపిల్లలు చస్తుంటే నాకు ముద్ద దిగుతుందా?" అని తోసేశాడు.

కుందేలు పొట్ట ముందుకు తోసి దున్నలా నడిచి చూపించింది. అందరూ పడీ పడీ నవ్వారు. సూదిగాడు మాత్రం, "ఇది పోరాటమా, తిరునాళ్ళా?" అని కసిరాడు. కుందేలు చిన్నబోయి మూలకు పోయింది.

బండకొమ్ము మంత్రి ఒక నక్క. అది రోజూ సాయంత్రం వచ్చి సూదిగాడి ముందు చేతులు జోడించేది. "ఆహా, సూదన్నా! అసలైన వీరుడివి నువ్వే. ఆ కొండముచ్చులు చూడు, పేలు చూసుకుంటూ కూర్చున్నాయి. నువ్వు మాత్రం కునుకు తీయకు సుమా!"

సూదిగాడి ఛాతీ పొంగిపోయింది. మన నీళ్ళు దోచుకున్నవాడి మంత్రికి మన త్యాగం మీద ఇంత మోజెందుకని వాడికి తట్టనే లేదు.

వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతున్నాడు. ఒక మధ్యాహ్నం కూర్చున్నచోటే తల వాలిపోయింది. అప్పుడే బండకొమ్ము కొడుకు, దున్నదూడ, చాటుగా వచ్చింది. మూతితో వాడి వీపు మీద మెల్లగా తట్టి, "అన్నా, మా నాన్న చేసింది తప్పు. నేనూ మీతో కూర్చోనా?" అంది.

సూదిగాడు అదిరిపడ్డాడు. ముళ్ళన్నీ లేచాయి. దూడ మూతి నిండా నెత్తురు!

నక్క పొదలోంచి గెంతింది. "చూశారా! శాంతి అంటూనే పసిబిడ్డను పొడిచారు!"

ఇంకేముంది, దున్నలు దూసుకొచ్చాయి. జంతువులు చెల్లాచెదురయ్యాయి. నీళ్ళు రానే లేదు. ఆ సాయంత్రానికి మడుగు బురదలో సగం చేపపిల్లలు వెల్లకిలా పడ్డాయి.

సూదిగాడు బొరియ ముందు కూలబడి ఏడ్చాడు. "నా వల్లే అత్తా! నా వల్లే!"

"చంపింది బండకొమ్మురా. ఆ మాట మరవకు," అంది ముచ్చమ్మ. "నీ కోపం న్యాయమైందే. దాన్ని తిండీ నిద్రా లేకుండా మాడ్చావు, అందుకే అది పసిదాన్ని కరిచింది. ముందు తిను. తర్వాత పడుకో. నిన్ను తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది, లేచాక తిడతాను."

వాడు తిన్నాడు. ఆదమరిచి నిద్రపోయాడు. లేచి నేరుగా దూడ దగ్గరికెళ్ళి, అందరి ముందూ తల వంచి, "తప్పయిపోయింది తమ్ముడూ," అన్నాడు.

"ఇంకా మండుతోంది," అంది దూడ. "అయినా మళ్ళీ ఎప్పుడు కూర్చుంటారు?"

మళ్ళీ కూర్చున్నారు. ఈసారి వంతులతో. పగలు జింకలు, కొండముచ్చులు, కుందేళ్ళు. రాత్రి ముళ్ళపందులు, గుడ్లగూబలు. కుందేలు దున్న నడక నడిస్తే సూదిగాడే ముందు నవ్వాడు.

నక్క వచ్చి, "అయ్యో సూదన్నా, పగలంతా పడుకుంటున్నావట! నీ త్యాగం ఏమైంది?" అంది.

"కడుపు నిండా తిన్నాను నక్కబావా. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. మరి నువ్వు?"

నక్కకు వంతు మార్చుకునేవాళ్ళు లేరు. ఎవరి ముల్లు లేస్తుందా, ఎవరి గోరు బయటికొస్తుందా అని రేయింబవళ్ళు పొదలో ఒక్కతే కాచుకుని కూర్చుంది. కళ్ళు గుంటలు పడ్డాయి. అటు ఉప్పు లేక దున్నలు ఒకదాని చెమట ఒకటి నాకుతూ కొట్టుకుంటున్నాయి.

ఒక ఉదయం నక్క బండకొమ్ము ముందు నిలబడి, "ప్రభూ, ఇవాళ వాళ్ళు తప్పకుండా అలసి..." అంటూనే తూలి, వాడి కాళ్ళ దగ్గర పడి గుర్రు పెట్టింది.

"నాన్నా, అలసిపోయింది ఎవరు?" అంది దూడ.

బండకొమ్ము కాళ్ళ దగ్గరి నక్కను చూశాడు, ఉప్పు లేక కొట్టుకుంటున్న తన మందను చూశాడు. తర్వాత లేచి, తన కొమ్ములతోనే బండలు పక్కకు దొర్లించాడు. నీళ్ళు గలగలమంటూ మడుగులోకి దూకాయి. మిగిలిన చేపపిల్లలు ఎగిరెగిరి పడ్డాయి.

సూదిగాడు అది చూడలేదు. అది పగలు. వాడు బొరియలో గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

"లేపనా అత్తా?" అంది కుందేలు.

"వద్దు. రాత్రి కాపలా వాడిది. ఆ బండకొమ్ము మాట మార్చే రకం," అంది ముచ్చమ్మ.

నీతి: మనం అలసిపోతామనే ఆశతోనే అన్యాయం కాచుకుని ఉంటుంది. వేళకు తిని, వేళకు పడుకుని, వంతులు పంచుకునేవాళ్ళే చివరిదాకా నిలబడతారు.