గంధం మోసే గుర్రం

గంధం గుర్రానికి వెనక కాలు పట్టేసింది. ఉరుసు చూస్తే నెత్తి మీదికొచ్చింది. మదార్‌కు అన్నం సయించడం లేదు.

ఖలీలుల్లా బాబాకు మదార్ శిష్యుడు. కొండమీది దర్గాకు ఏటా గంధం బిందె మోసే ఆడగుర్రం చాందిని. దాన్ని చూసుకునే పని అతనిది, అంతకుముందు వాళ్ల నాన్నది. ఉరుసునాడు కళ్లెం పట్టుకుని జనం మధ్య నడుస్తుంటే మదార్ కాలు నేల మీద ఆనేది కాదు.

చూసుకోవడమంటే ఎట్లా చూసుకున్నాడనీ! గంధం మోసే వీపు మీద ఇంకొకరు ఎక్కడమా, తోబా తోబా! ఏడాది పొడుగునా నీడపట్టున కట్టేసి, ఉలవ గుగ్గిళ్లు పెట్టి, జూలు దువ్వాడు. అది తిని నిలబడేది, నిలబడి తినేది. తొడల్లో కండ కరిగిపోయింది. ఇప్పుడు నాలుగడుగులు వేసేసరికి మోకాటిచిప్ప పైకెక్కి బిగుసుకుంటోంది. కాలు కర్రలా వెనక్కి చాచుకుపోయి మడత పడదు.

లాడాలు కొట్టే కంబగిరి వచ్చి చూశాడు.

"చిప్ప మీద వాతలు పెడతా సాయిబూ. ఉరుసుకు ఎట్లో నడుస్తుంది. ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను."

మదార్ సరేనన్నాడు. కుంపట్లో కడ్డీ ఎర్రబడుతోంది. చాందిని వణుకుతోంది. దాని మెడ కావలించుకుని మదార్ ఏడుస్తున్నాడు గానీ, వద్దని మాత్రం అనడు.

అంతలో బాబా వచ్చాడు. గుర్రానికి ఎదురుగా నిలబడి, రొమ్ము మీద అరచెయ్యి ఆనించి మెల్లగా వెనక్కి నెట్టాడు. చాందిని ఒకడుగు వెనక్కి వేసింది. టక్కుమని చిప్ప దిగింది. కాలు మడత పడింది.

మదార్ ఆయన కాళ్ల మీద పడ్డాడు. "మీ మహిమ, బాబా!"

"మహిమా లేదు, మన్నూ లేదు. లెయ్యి. రేపు మళ్లీ పడుతుంది. తొడలో బలం లేకపోతే చిప్ప చోటున నిలవదు. రోజూ నడిపించు. ముందు చదునులో, కండ పట్టాక ఏటవాలులో. గబుక్కున మలపొద్దు."

"ఉరుసుకు బాగైపోతుందా?"

"కాదు."

"మరి గంధం ఎట్లా బాబా? మా నాన్న కాలం నుంచీ ఒక్క ఏడన్నా ఆగలేదే! జనం నా మొహాన ఉమ్మేస్తారు."

బాబా కంబగిరి దగ్గర కడ్డీ అడిగి తీసుకున్నాడు. పిడి మదార్ చేతికిచ్చాడు.

"ఉరుసుకే నడవాలంటే ఇదిగో. నువ్వే పెట్టు."

మదార్ కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. చాందిని తల వంచి అతని భుజం వాసన చూసింది. దానికేం తెలుసు పాపం. మదార్ లేచివెళ్లి కడ్డీని నీళ్లతొట్టిలో ముంచేశాడు.

ఉరుసు వచ్చింది. మదార్ గంధం బిందె నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. దారి పొడుగునా అందరిదీ ఒకటే మాట, గుర్రమేదీ, గుర్రమేదీ అని. వాళ్ల నాన్న ఉంటే ఇట్లా జరిగేదా అని ఒక ముసలాయన మొహమ్మీదే అన్నాడు. మదార్‌కు తల కొట్టేసినట్టయింది. అయినా ఆగకుండా ఎక్కాడు.

పైన బాబా ఎదురొచ్చి బిందె దించుకున్నాడు.

"ఈ ఏడు గంధం గుర్రం మీద రాలేదు బాబా" అన్నాడు మదార్.

బాబా వేలితో కొంచెం గంధం తీసి వాసన చూశాడు. ఆ వేలే మదార్ ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏమన్నా తగ్గిందా?"