నల్లమడుగులో నల్లకప్ప

అనగనగా అని మొదలుపెడదామంటేనే నాకు ఒళ్ళు మండిపోతోంది పిల్లలూ. అయినా చెబుతాను, వినండి. తామరకొండ అనే రాజ్యానికి వీరకేతు అని ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు, నడిమివాడు మణిసేనుడు, చిన్నవాడు పుష్కరుడు.

ఆ రాజ్యంలో చేపల వేటంటే అందరికీ ప్రాణం. వానపాముతోనో పిండిముద్దతోనో పట్టడం మామూలు జనం పద్ధతి. రాజకుమారులు మాత్రం చెక్కతో చేసిన బొమ్మకప్పను గాలానికి కట్టాలి. దాన్ని నీళ్ళ మీద గెంతిస్తే కొరమీను నిజం కప్పేననుకుని మింగడానికి వస్తుంది. తొలకరి పడిన రోజు రాజుగారు కొలువులో రంగుల పెట్టె తెరిచేవాడు. అందులో మూడు కప్పలు. బంగారు రంగుది పెద్దవాడికి, ఎర్రది నడిమివాడికి, మిగిలిపోయిన నల్లది చిన్నవాడికి. తాతలనాటి ఆచారం.

"నాన్నగారూ, ఏటా నాకు నల్లదేనా?" అని పుష్కరుడు ఒక ఏడు అడిగేశాడు.

"చిన్నవాడివి కదా నాయనా" అన్నాడు రాజు.

"నేను చిన్నవాడినని చేపకు తెలుసా?"

కొలువంతా గొల్లున నవ్వింది. నవ్వేస్తే జవాబు చెప్పినట్టేనా? పుష్కరుడు ఆ నల్లకప్పను మొలలో దోపుకుని, ముఖం కందగడ్డ చేసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళ అమ్మ కువలయదేవి. మహారాణి అయినా రోజూ మధ్యాహ్నం కోట గుమ్మం దగ్గర తానే గరిటె పట్టి ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టేది. ఒకనాడు ఒక బైరాగి వచ్చి జోలె నింపించుకుని పోయాడు. తర్వాత ఒక కుంటి వర్తకుడు వచ్చి జోలె నింపించుకుని పోయాడు. ఆ తర్వాత ఒక గంగిరెద్దులవాడు వచ్చి జోలె చాపాడు. వాడి జోలె కూడా నిండేసరికి గుండిగ అడుగంటింది. వరస చివర పసిపిల్లలు ఖాళీ ఆకులు పట్టుకుని నిలబడే ఉన్నారు.

"అయ్యా, ఆగు" అంది మహారాణి. "వేషం మూడుసార్లు మార్చావు గానీ పాదాలు మార్చడం మరిచిపోయావు. ముగ్గురికీ కుడికాలికి ఆరు వేళ్ళేమిటి? ఆ పిల్లల వంతు అన్నం తిరిగి గుండిగలో పొయ్యి."

వాడు ధూమకంఠుడనే మాంత్రికుడు. దొరికిపోయినవాడు సిగ్గుపడాలా వద్దా? సిగ్గా! నోట్లోంచి నల్లని పొగ ఊది ఆమె రెండు కళ్ళూ కప్పేశాడు. "చూసిన కళ్ళు ఇక చూడవు" అని జోలె భుజాన వేసుకుని దర్జాగా నడిచిపోయాడు. దొంగకేమో బువ్వ, దొంగను చూసినామెకేమో చీకటి! ఇదెక్కడి న్యాయం పిల్లలూ?

ఇంకా ఉంది వినండి. రాజుగారు కత్తి దూశాడనుకుంటున్నారా? మంత్రులను పిలిచి ఆలోచన చేశాడు. "మాంత్రికుడితో మనకెందుకు ప్రభూ? అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు మంత్రులు. చివరికి ఆ దొంగకే ఒక పట్టుశాలువా, ఒక పళ్ళబుట్ట పంపించారు. మళ్ళీ కోపం రాకుండా ఉండాలట!

పుష్కరుడు కొలువు మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"మా అమ్మ గోడ తడుముకుంటూ నడుస్తోంది. మీరు వాడికి శాలువా కప్పుతారా? వాడి ప్రాణం నల్లమడుగులో ఉన్న కొరమీనులో ఉందని ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు ఎవరు? ఆ చేపను పట్టడానికి ఒక్కడూ లేడా?"

అవును మరి, ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా తమ జోలికి రానంత కాలం మనకెందుకులే అనుకున్నారు.

"నేను వెళతాను" అన్నాడు పుష్కరుడు.

"పెద్దవాళ్ళం మేముండగా నువ్వెవరివిరా?" అన్నారు అన్నలు. అందులోనూ వరసే!

ముందు జయసేనుడు బంగారు కప్ప తీసుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. తర్వాత మణిసేనుడు ఎర్రకప్ప తీసుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. అప్పుడు పుష్కరుడు అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. ఆమె అతని ముఖం చేత్తో తడిమి, "కోపంగా ఉన్నావు నాన్నా. కోపం ఉండాల్సిందే. కానీ కళ్ళకు అడ్డం పడనివ్వకు. కళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు" అంది.

నల్లమడుగు ఏడు సముద్రాల అవతల ఉందనుకుంటున్నారా? ఉప్పునీళ్ళలో కొరమీను బతుకుతుందా, వెర్రిపిల్లలూ! ఏడు వాగులూ ఏడు వంకలూ దాటితే వచ్చే లోతు మడుగు అది. పుష్కరుడు వాగులు దాటాడు, వంకలు దాటాడు, మడుగు చేరాడు. ఒడ్డున చూస్తే ఏముంది? పెద్దన్న శిల. చిన్నన్న శిల. కాస్త అవతల నాచు పట్టిన మరో శిల, గాలపు కర్ర ఎత్తి నిలబడ్డ ఒక అమ్మాయిది. ఆమె గాలానికి తెల్లకప్ప వేలాడుతోంది. ఆవలి గట్టున మాంత్రికుడి గుడిసెలోంచి పొగ లేస్తోంది.

పుష్కరుడు అన్నల రాతి చేతులు పట్టుకుని ఏడ్చాడు. పైన కొమ్మ మీదున్న లకుముకి పిట్ట కస్సుమంది.

"ఏడిస్తే ఏం లాభం? మీ పెద్దన్న నన్ను ఒక్కమాట అడిగాడా? పొద్దున్నే వచ్చాడు, ఎండ కాస్తోంది, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బంగారు కప్ప విసిరాడు. అది తళుక్కుమనగానే చేప బెదిరి అడుగుకు పారిపోయింది. ఉత్త అల గట్టుకు తగిలితే చాలు, మాంత్రికుడు లేచి వస్తాడు. వచ్చాడు, శిలను చేశాడు. తేటనీళ్ళలో అంత మెరుపు పనికిరాదని చెప్పేదాన్నే. అడిగితే కదా!"

రాళ్ళ సందులోంచి ఒక ఎండ్రకాయ డెక్కలు ఆడించింది.

"నన్ను మాత్రం అడిగారా? మీ చిన్నన్న వచ్చిన రోజు పైన వాన పడి మడుగంతా ఎర్రమన్ను నీళ్ళు. ఎర్రనీళ్ళలో ఎర్రకప్ప! పక్కనే పడినా చేపకు కనబడలేదు. ఆ నీళ్ళకు బంగారు కప్పైతే సరిపోయేది. అదేమో పక్కనే రాయైన అన్న గాలానికి వేలాడుతోంది, తమ్ముడు దాన్ని ముట్టుకోడట, పెద్దవాడి రంగట! చెప్పేదాన్నే. అడిగితే కదా!"

పుష్కరుడికి మళ్ళీ కోపం తన్నుకొచ్చింది. ఆచారం! ఆ ఆచారమే అన్నలను రాళ్ళను చేసింది. "నేను ముట్టుకుంటాను" అని పెద్దన్న గాలం నుంచి బంగారు కప్పను విప్పాడు, చిన్నన్న గాలం నుంచి ఎర్రకప్పను విప్పాడు. పొద్దు వాలుతోంది. మబ్బు కమ్మింది. "ఇన్నేళ్ళూ నాకు దక్కనిది ఇదే" అని బంగారు కప్పను తన గాలానికి కట్టి, చెయ్యి ఎత్తాడు.

ఎవరో పంచె పట్టి లాగారు. చూస్తే నీటికుక్క, మీసాల నిండా నీళ్ళు.

"నువ్వూ అంతేనా?" అంది అది. "ఎందుకు కట్టావయ్యా అది?"

"చీకటి పడుతోంది. మెరిసేదైతే కనిపిస్తుంది."

"ఎవరికి?"

"నాకు" అన్నాడు పుష్కరుడు. అనగానే నాలుక కరుచుకున్నాడు.

"తినేది నువ్వా, చేపా?" అని నీటికుక్క మండిపడింది. "ఒడ్డున నిలబడి మీకు నచ్చిన రంగు ఏరుకుంటారు. నీళ్ళలో ఉన్నవాడికి ఏం కనబడుతుందో చూసిన మొనగాడు ఒక్కడు లేడు! ఆ మూడు కప్పలూ రెల్లుపొద చాటున చప్పుడు కాకుండా నీళ్ళ మీద పెట్టు. విసరకు. తర్వాత నాతో రా."

పుష్కరుడు మూడు కప్పలనూ మెల్లగా నీళ్ళ మీద వదిలాడు. ఊపిరి బిగబట్టి, అల లేవకుండా మెడ లోతుకు దిగి, తల ముంచి, కింద నుంచి పైకి చూశాడు. పైన మబ్బు వెలుగు పలచగా ఉంది. బంగారు కప్ప ఆ వెలుగులో కలిసిపోయి ఉందా లేదా అన్నట్టుంది. ఎర్రది మాసిన గుడ్డపేలికలా ఉంది. నల్లకప్ప మాత్రం కాళ్ళతో, తలతో, నిజం కప్పలా స్పష్టంగా కనబడింది.

తల పైకెత్తి ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వు రాలేదు, కోపమే వచ్చింది. "ఇంతకాలం దీన్ని నాకు అవమానంగా ఇచ్చారు. నేనూ అవమానంగానే తీసుకున్నాను. పాపం, ఈ కప్ప ఏం చేసింది?"

"ఈ పూటకు ఇది" అంది నీటికుక్క. "రేపు తేటనీళ్ళయితే ఇది కాదు. దీన్ని నెత్తికెక్కించుకోకు మళ్ళీ."

పుష్కరుడు నల్లకప్పను గాలానికి కట్టాడు. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పదు కదా, ఆ బుడగ కోసం కాచుకున్నాడు. మడుగు మధ్యలో బుడగ లేచింది. దాని అవతల కప్పను విసిరి టప్ టప్ మని గెంతిస్తూ లాగాడు. ఒక గెంతు. రెండు గెంతులు. మూడో గెంతుకు నీళ్ళు భళ్ళున పగిలాయి! తొడంత కొరమీను కప్పను మింగి లోతుకు లాగింది. కర్ర విల్లులా వంగింది. పుష్కరుడు కాళ్ళు బురదలో పాతుకుని లాగాడు, లాగాడు, లాగి గట్టున పడేశాడు.

ఆవలి గట్టు నుంచి ధూమకంఠుడు పరుగెత్తుకొచ్చాడు. చేప గట్టు మీద నోరు తెరిస్తే వాడు అక్కడ నోరు తెరుస్తున్నాడు.

"నాయనా, నీళ్ళలో వదిలెయ్యి. నీకు నిజం బంగారంతో కప్ప చేయించి ఇస్తాను!"

"బంగారు కప్పట!" అన్నాడు పుష్కరుడు. "మా అమ్మ కళ్ళు ఇవ్వు. మా అన్నలను ఇవ్వు. శిలలైనవాళ్ళందరినీ ఇవ్వు. అప్పుడు మాట్లాడు."

వాడు మంత్రం తిప్పి చదివాడు. రాళ్ళు కదిలాయి. జయసేనుడు ఆవులించాడు, మణిసేనుడు కళ్ళు నులుముకున్నాడు. పుష్కరుడు నిజంగానే జాలిపడి చేపను ఎత్తబోయాడు. ఇంతలో ఆ దుర్మార్గుడు ఏం చేశాడో తెలుసా? వెనక నుంచి చెయ్యెత్తి మళ్ళీ శిలామంత్రం మొదలుపెట్టాడు! బుద్ధి మారితేగా! నీటికుక్క ఒక్క దూకు దూకి చేప మెడ కొరికేసింది. ధూమకంఠుడు పొగై గాలిలో కలిసిపోయాడు. ఆ పూట నీటికుక్కకు విందు.

అప్పుడు వెనక నుంచి ఒక అరుపు. "ఎవరది, నా చేపను పట్టింది?"

నాచు దులుపుకుంటూ ఆ అమ్మాయి వస్తోంది. పేరు హేలావతి, కేతకీపురం రాకుమార్తె. మాంత్రికుడు వాళ్ళ నాన్న గొంతు దొంగిలిస్తే తిరిగి తేవడానికి వచ్చి శిల అయిపోయింది.

"మీ నాన్నగారికి ఈపాటికి గొంతు వచ్చి ఉంటుంది" అన్నాడు పుష్కరుడు. "నువ్వు తెల్లది ఎప్పుడు వేశావు?"

"తెల్లారగట్ల, మంచులో."

"మంచు వెలుగులో తెల్లదా? కింద నుంచి చూశావా?"

"చూడలేదు" అంది కోపంగా. కోపం అతని మీద కాదని అతనికి వెంటనే తెలిసింది, ఆ పిల్ల అప్పుడే నచ్చింది.

ఊరికి వచ్చేసరికి కువలయదేవి గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకులు ముగ్గురినీ కళ్ళారా చూసుకుంది. కౌగిలించుకుని, వెంటనే ఏమందో తెలుసా? "ఆ రోజు వరస చివర ఉన్న పిల్లలు తిన్నారా?" అంది. ఇన్నాళ్ళూ ఎవరూ వాళ్ళ సంగతే తలవలేదు. రాజు తల దించుకున్నాడు. దించుకోవాల్సిందే!

రాజు తప్పు దిద్దుకుందామని కొలువులో రంగుల పెట్టె తెప్పించాడు. "నాయనా పుష్కరా, ఇకనుంచి బంగారు కప్ప నీది" అన్నాడు.

"ఏ నీళ్ళకు నాన్నగారూ?" అన్నాడు పుష్కరుడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పెట్టెను కొలువులోంచి ఏటి గట్టుకు మోయించారు. రాజైనా సరే మెడ లోతు దిగి, తల ముంచి, పైకి చూసి వచ్చాకే కప్ప ఎంచుకోవాలని కొత్త కట్టడి పెట్టారు. మొదట దిగింది వీరకేతు మహారాజే. కిరీటం గట్టున పెట్టి దిగాడు, తుమ్ముతూ పైకి వచ్చాడు.

పుష్కరుడికీ హేలావతికీ ఏటి గట్టునే పెళ్ళి జరిగింది. చాలా ఏళ్ళు చల్లగా రాజ్యం ఏలారు. ఏ కప్ప కట్టాలని రోజూ పోట్లాడుకునేవారు, పోట్లాడుకుని ఇద్దరూ నీళ్ళలో దిగి చూసేవారు. పెళ్ళిభోజనాల నాడు కువలయదేవి గరిటె పట్టుకుని పందిట్లోకి వచ్చింది. ముందు వరసలో రాజులూ మంత్రులూ ఆకులు పరుచుకుని కూర్చున్నారు. ఆమె వాళ్ళను దాటుకుంటూ చివరిదాకా నడిచి, ఆఖరి ఆకు ముందున్న పిల్లతో మొదలుపెట్టింది.

కథ మడుగులోకి, మనం గట్టుకి.