గేదెను అమ్మి చెంచాను నమ్మినవాడు

ఏమే చిట్టీ, పక్కింటి పిన్ని బీరువా తెరిచి చూశావట! సిగ్గు లేదూ? తెలుసుకోవాలనుంటే నోరు తెరిచి అడగాలి, చెయ్యి పెట్టకూడదు. ఇటు తిరిగి పడుకుని విను.

అనగనగా గోదారి ఒడ్డున యానాం. ఫ్రెంచి దొరలు ఏలే రోజులు. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒక పాలవాడు. వాడి ఆస్తల్లా నల్లపిల్ల అనే ఒక్క గేదె. వాడూ, పెళ్ళాం పేరమ్మా దాని పాల మీదే బతికేవారు.

ఒక సాయంత్రం గవరయ్య దొర బంగళాకి పాలు తెచ్చాడు. అప్పుడు వరండాలో దొర గాజుగ్లాసులో ఆకుపచ్చ నీళ్ళేవో పోసుకున్నాడు. గ్లాసు మీద అడ్డంగా ఒక వెండి చెంచా పెట్టాడు. చెంచా నిండా చిల్లులే! తీగలల్లినట్టు, ఆకులు విచ్చినట్టు ఎంత అందమైన చిల్లులో! దాని మీద పంచదార బిళ్ళ ఉంచి, చల్లటి నీళ్ళు చుక్కా చుక్కా వదిలాడు. బిళ్ళ కరిగింది. ఆ తర్వాత, చూస్తూండగానే ఆకుపచ్చ నీళ్ళు తెల్లగా పాలైపోయాయి!

గవరయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. చిల్లుల చెంచాతో ఎవరైనా పులుసు తాగుతారా? అయితే ఇది తినే చెంచా కాదు, పాలు చేసే చెంచా అనుకున్నాడు. దొర వంటవాడు అంతోనిని ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడిగితే వాడికీ వాటా ఇవ్వాలేమోనని అడగలేదు. మర్నాడు ఎవరూ చూడకుండా చెంచాను మొలలో దోపుకొచ్చేశాడు.

ఆ తర్వాత నల్లపిల్లను ఎదురింటి కాముడికి అమ్మేశాడు. పేరమ్మ గుండెలు బాదుకుంది.

"గేదెను అమ్ముకుని చెంచాను నమ్ముకుంటావా? నీ తెలివి తెల్లారా!"

"ఊరుకోవే. ఇక పితికే పనే లేదు. కుండల కొద్దీ పాలు!"

అప్పుడు తోటకూర పసరు తీశాడు. చెంచా మీద బెల్లంముక్క పెట్టి నీళ్ళు వదిలాడు. పసరు పసరుగానే ఉంది. ఆ తర్వాత గోరింటాకు పసరు పోశాడు. చేతులు పండాయి గానీ పాలు రాలేదు. ఆ తర్వాత బెల్లం మాని పంచదార కొన్నాడు, మాచిపత్రి నూరాడు. నాలిక చేదెక్కిందంతే.

కాముడి దగ్గరికి పరుగెత్తాడు. "బావా, నా గేదెను నాకిచ్చెయ్."

"పాలిచ్చే గేదెను ఎవడైనా వెనక్కిస్తాడా బావా? చెంచాను పితుక్కో, పో!"

అప్పుడే చెంచా వెతుక్కుంటూ అంతోని వచ్చాడు. సంగతి విని తల కొట్టుకున్నాడు.

"ఒరే వెర్రివాడా, అవి పాలు కావురా, సారా! చేదాకులతో కాచిన సారా. నీళ్ళు పడితే అదే తెల్లబడుతుంది. చేదు విరగడానికి పంచదార, పంచదార నిలవడానికి చెంచా. అడిగితే చెప్పనా?"

ఆ తర్వాత బంగళా గేటు గవరయ్యకి మూసుకుపోయింది. గేదె అమ్మిన డబ్బుతో పాలు కొని అమ్మబోతే, దొంగ చేతి పాలు మాకొద్దని ఊళ్ళోవాళ్ళూ తలుపులేసుకున్నారు. చివరికి కాముడి దగ్గరే కూలికి కుదిరాడు. తన గేదెకు తానే గడ్డి కోసేవాడు, తానే కడిగేవాడు. నల్లపిల్ల గుర్తుపట్టి వాడి భుజం నాకేది. పాలచెంబు మాత్రం కాముడి పెళ్ళాం లోపలికి పట్టుకుపోయేది.

కథేమో కంచికి, కళ్ళేమో నిద్రకి, చిట్టేమో నా పక్కకి.