పిలిచే అత్త కథ

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పులులూ ఏనుగులూ అనుకునేరు, అది చిట్టడవి. దాని అంచున జొన్నచేలు. ఆ చేలల్లో ఒక కౌజుపిట్టల గుంపు కాపురం ఉండేది.

ఆ పిట్టలకు ఒక ఆచారం ఉంది. పొద్దు గూకగానే పిల్లలన్నిటినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, గుంపులో అందరికంటే పెద్దది కథ చెప్పాలి. మిగతా కథలు ఎలా ఉన్నా, పిలిచే అత్త కథ మాత్రం ప్రతి పిల్లా వినాల్సిందే.

కథ చిన్నదే. చేలో ఎక్కడో ఒక అత్త తీయగా పిలుస్తుంది. "రావే కోడలా, గింజలున్నాయి" అంటుంది. తను మాత్రం రాదు. పిల్లే వెళుతుంది. వల పడుతుంది. మనిషి చెయ్యి వస్తుంది. మెడ విరుగుతుంది. అక్కడితో కథ అయిపోతుంది.

అప్పట్లో గుంపులో అందరికంటే పెద్దదైన నూకాలవ్వ ఈ కథను ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పేది. మెడ విరిగే చోట గొంతు బాగా తగ్గించేది. పిల్లలు బిక్కచచ్చిపోయి ఆమె రెక్కల కిందికి దూరేవి. కాసేపాగి "ఇంకోసారి చెప్పవా అవ్వా" అని అవే అడిగేవి. మీరు మాత్రం అడగరూ?

నూకాలవ్వ కూతురు రాగమ్మ. రాగమ్మకు ఒక్కతే పిల్ల, పేరు తురాయి. కథ విన్న మొదటి రోజే తురాయి నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. రాగమ్మకు ఒళ్ళు మండింది.

"పసిదానికి ఈ మెడలు విరవడాలు ఏంటమ్మా? నీకు జాలి లేదా?" అని తల్లిని నిలదీసింది.

"నా పక్కన కూర్చున్నప్పుడే భయపడనీవే. ఒంటరిగా ఉన్నప్పుడు భయపడితే ఎవరు ఓదారుస్తారు?" అంది నూకాలవ్వ.

రాగమ్మ వినలేదు. మర్నాటి నుంచి పిల్లను పక్క సాలులోకి తీసుకెళ్ళి తనే కథ చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు మెడ విరవడం తీసేసింది. రెండో రోజు మనిషి చెయ్యి తీసేసింది. మూడో రోజు వల కూడా తీసేసింది. ఇక కథలో మిగిలింది అత్తా, గింజలూ. కథలో పిల్ల కడుపునిండా గింజలు తిని ఇంటికొచ్చేసేది! తురాయి నవ్వుతూ నిద్రపోయేది. రాగమ్మ మురిసిపోయేది. బిడ్డ మీద ప్రేమతోనే చేసింది పాపం, దాన్ని ఎలా తిట్టను?

ఒకరోజు తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్మింది. పిల్లలు చేలో తిరుగుతున్నాయి. గట్టు అవతల నుంచి తీయని గొంతు వినిపించింది.

"రావే కోడలా, గింజలున్నాయి!"

పిల్లలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. "నువ్వే రా అత్తా!" అని ఒక పిల్ల అరిచింది. గొంతు మళ్ళీ పిలిచిందే తప్ప అత్త రాలేదు. పిల్లలు పడుతూ లేస్తూ పారిపోయాయి. తురాయి మాత్రం గట్టు వైపు పరుగెత్తింది.

"ఆగవే, చచ్చిపోతావ్!" అని వెనక నుంచి కేకలు వేశాయి.

"మీకు కథ సరిగ్గా రాదు. అత్త మంచిది. మా అమ్మ చెప్పింది" అంటూ తురాయి గట్టు దాటింది.

అక్కడ ఒక కర్రకు పంజరం వేలాడుతోంది. అందులో ఒక ముసలి కౌజు ఉంది.

"అత్తా, నువ్వు కిందికి రావా?" అని అడిగింది తురాయి.

"రాలేనమ్మా. మిమ్మల్ని పిలిస్తేనే నాకింత తిండి పెడతారు" అని ముసలిది మొహం తిప్పుకుంది.

వల పడింది.

పిల్లలు చెప్పగా విని రాగమ్మ గట్టు మీదికి ఎగురుకుంటూ వచ్చింది. వలలో చిక్కుకున్న తురాయి తల్లిని చూసింది.

"అమ్మా, కథలో ఇలా లేదు కదే!" అని ఏడ్చింది.

ఇంతలో మంచులోంచి మనిషి చెయ్యి వచ్చింది. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. నూకాలవ్వ కథలో ఉన్నదే జరిగింది.

ఆ కథను మొదట అల్లింది కూడా బిడ్డను పోగొట్టుకున్న తల్లే అయ్యుంటుందని రాగమ్మకు అప్పుడు అర్థమైంది. ఏం లాభం?

ఏళ్ళు గడిచాయి. నూకాలవ్వ పోయింది. గుంపులో రాగమ్మే పెద్దదైంది. పొద్దు గూకగానే పిల్లలు చుట్టూ చేరాయి. రాగమ్మ పిలిచే అత్త కథ చెప్పింది. వల, చెయ్యి, మెడ, ఏదీ వదల్లేదు. కథలో పిల్లకు తురాయి అని పేరు పెట్టింది.

పిల్లలు వెక్కివెక్కి ఏడ్చాయి. అందరిలోకీ చిన్నది ఆశగా అడిగింది.

"తురాయి మళ్ళీ ఇంటికి వచ్చేసింది కదా అవ్వా?"

రాగమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది.

"లేదు తల్లీ. రాలేదు" అంది.

నీతి: కథలో ఉన్న ఆపదను దాచిపెడితే, పిల్లలకు బయట ఎదురయ్యే ఆపద తప్పిపోదు.