లమర్సు దొర కాలి గండపెండేరం

తూర్పు సముద్రానికి దగ్గరగా గరుడపాడు అనే ఒకానొక రాజ్యం ఉండేది. ఆ రోజు అక్కడ సభ తీరింది కానీ, సింహాసనం మీద రాజుగారు లేరు. పరాసు దేశపు, అంటే ఫ్రెంచివాళ్ల సేనాని ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

ఆయన అసలు పేరు లమార్సియే. మన జనం నోళ్లలో పడి లమర్సు దొర అయ్యాడు. ముందు రోజే ఫిరంగులతో కోటగోడ పడగొట్టి లోపలికొచ్చాడు. లొంగిపొమ్మని తను కబురు పంపితే రాజు నారసింహ భూపతి పకపకా నవ్వాడని దొరకు కోపం. ఆ నవ్వుకు శిక్షగా, తెల్లవారగానే రాజును ఫిరంగి నోటికి కట్టి పేల్చమని ఉత్తర్వు చేశాడు. రాజు గొలుసులతో సభలో ఒక మూల నిలబడి ఉన్నాడు.

తెల్లవారేదాకా దొరకు పొద్దుపోవాలి కదా! ఈ దేశంలో భట్రాజు లేచి బిరుదులు చదవనిదే ఎవడూ గొప్పవాడు కాడని ఆయన ఎక్కడో విన్నాడు. రాజుగారి భట్రాజు ఓబళరాజును పిలిపించాడు.

"నా చరిత్ర చెబుతాను. దానికి తగ్గ బిరుదులు కట్టి చదువు. నచ్చకపోతే రేపు రెండో ఫిరంగి నీకే" అన్నాడు. దుబాసీ రంగప్ప ఆ మాటలు తెలుగులో చెప్పాడు.

 ఓబళరాజుకు గుండె మండింది. తాతల నాటి నుంచీ రాజుగారింటి ఉప్పు తిన్నవాడు. రాజును ఎలాగైనా బతికించుకోవాలి. కానీ ఆ రాజు మెడ తెగినా వంచే రకం కాదు. ఏం చెయ్యాలో తోచక సభంతా కలయజూశాడు. రెండు పక్కలా చుట్టుపట్ల జమీందార్లు కూర్చున్నారు. అందరూ దొర నీడ చాలునని వచ్చి చేరినవాళ్లే. వాళ్ల వెనక వాళ్ల ఊళ్ల సిపాయిలే. ఓబళరాజు చూపు అక్కడ కాసేపు ఆగింది.

"చిత్తం దొరవారూ! అయితే మా బిరుదు మా పద్ధతిలోనే పుచ్చుకోవాలి. నేను చదువుతాను, తమరు సభలో ఒప్పుకోవాలి, అప్పుడు కాలికి గండపెండేరం తొడుగుతాం."

"అది బంగారమేనా?"

"మేలిమి బంగారం."

"అయితే సమ్మతం" అన్నాడు దొర.

ఇక చరిత్ర మొదలైంది. పాడుబడ్డ మేడలో పుట్టాడట. మీసం మొలవకముందే గుర్రమెక్కాడట. మంచులో యుద్ధం చేస్తుంటే చెవి కొస ఎగిరిపోయిందట. తుపానులో ఓడ తెరచాప చిరిగినా చుక్కాని వదల్లేదట. నదికి అడ్డం పడి ఒక నవాబు గుర్రపు దండును తరిమాడట. చేతికర్రతో గాలిలో కోటలు గీస్తూ చెప్పాడు. ఓడిపోయిన చోట మాత్రం దగ్గు వచ్చేది.

ఓబళరాజు చెయ్యెత్తి గొంతు విప్పాడు. "మంచు సీమల మడమ తిప్పని వీరా! సముద్రలంఘన సాహసా! గిరిదుర్గ విభాళా!" సభ మార్మోగింది. దొర ఛాతీ బొత్తాలు తెగేలా ఉబ్బింది.

"థూ! నా ఉప్పు తిన్న నోరేనా అది?" మూల నుంచి రాజు గర్జించాడు.

ఓబళరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అటు తిరగలేదు. ఆఖరి బిరుదు ఎత్తుకున్నాడు. "శరణాగత వజ్రపంజరా!"

"అంటే?" అన్నాడు దొర.

"శరణన్నవాణ్ణి వజ్రాల పంజరంలా కాపాడేవాడని" అన్నాడు రంగప్ప.

వజ్రాలనేసరికి దొర కళ్లు మెరిశాయి. ఓబళరాజు తటపటాయించినట్టు నిలబడ్డాడు. "అది చాలా బరువైంది దొరా. మోయలేమని పెద్ద పెద్ద రాజులే వద్దన్నారు."

"వాళ్లు వద్దన్నది నాకు కావాలి. ఒప్పుకున్నాను!"

గండపెండేరం తొడిగారు. సభ జేజేలు కొట్టింది. తొడిగిన ఓబళరాజు మాత్రం లేవలేదు. దొర పాదం రెండు చేతులా పట్టుకుని "శరణు!" అన్నాడు.

జేజేలు ఆగిపోయాయి.

"నీకేం భయం? నీ చదువు నచ్చింది, పో!" అన్నాడు దొర.

"మా వంశంలో ఒక ఒట్టు ఉంది దొరా. ప్రభువు యుద్ధంలో ఒరిగితే ఏడ్చి ఊరుకుంటాం. కట్టేసి చంపితే ఆ చోటే పొడుచుకుని చస్తాం. రేపు పొద్దున నా చావు ఖాయం. నన్ను కాపాడండి" అంటూ మొలలోని బాకు తీసి దొర ముందు పెట్టాడు.

దొర మొహం కందగడ్డయింది. "దగా! నేను చేసిన ఘనకార్యాలకు కదా ఈ బిరుదులు!"

"చేసినదానికి పతకం ఇవ్వడం తమ దేశపు ఆచారం. ఇక మీద చెయ్యాల్సినదానికి బిరుదు కట్టడం మా ఆచారం. తమరు నలుగురిలో ఒప్పుకున్నారు."

"ఊడదీసి పారేస్తే?"

"పారేయొచ్చు. వీళ్లంతా శరణంటూ తమ దగ్గరికి వచ్చినవాళ్లే. ఊడదీసే ముందు ఒక్కసారి వాళ్లకేసి చూడండి."

దొర చూశాడు. ఒక జమీందారు నోటిదాకా వెళ్లిన తాంబూలం పళ్లెంలో పెట్టేశాడు. ఇంకొకాయన లేచి నిలబడ్డాడు. సిపాయిలందరి కళ్లూ దొర కాలి మీదే ఉన్నాయి. దొర గొప్పలు చెప్పుకునేవాడే కానీ యుద్ధం తెలియనివాడు కాదు. ఫిరంగులు లాగే ఎద్దులు ఈ జమీందార్లవి. దండు తినే బియ్యం వాళ్లది. వాళ్లు కదిలిపోతే తనకు మిగిలేది పడగొట్టిన గోడే.

ఆయన చెయ్యి మెల్లగా గండపెండేరం మీదికి వెళ్లింది.  

ఉన్నట్టుండి దొర చెయ్యి వెనక్కి తీసుకుని పగలబడి నవ్వాడు. "నేనెన్నో కోటలు పట్టాను. ఫిరంగి లేకుండా నన్ను పట్టినవాడివి నువ్వొక్కడివే! రాజుకు గొలుసులు విప్పండి. కోట ఆయనదే. భట్రాజుకు నా గుర్రం ఇవ్వండి!"

నారసింహ భూపతి నేరుగా ఓబళరాజు దగ్గరికొచ్చాడు. గట్టిగా కౌగిలించుకున్నాడు.

దొర కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "నిజం చెప్పు భట్టూ! నువ్వు చదివినవాటిలో ఒక్కటైనా నమ్మి చదివావా?"

"చదివినప్పుడు ఒక్కటీ నమ్మలేదు దొరా" అన్నాడు ఓబళరాజు చేతులు జోడించి. "ఇప్పుడు ఒకదాన్ని నమ్ముతున్నాను."