తోముడు బండ దగ్గర తెల్లంచు సొర

అనగనగా ఒక సముద్రంలో, నీళ్ల అడుగున, ఒక పగడాల అడవి ఉండేది. అడవి అన్నానని పులుల్నీ ఏనుగుల్నీ వెతక్కండి పిల్లలూ. అక్కడ చెట్లంటే పగడాలే, పిట్టలంటే చేపలే. చిలకముక్కు చేపలు రోజంతా రాళ్లు కొరుకుతూ కటకటా చప్పుడు చేసేవి. ముసలి తాబేలు ఒకటి నాచు మేస్తూ, ఎవరు పలకరించినా తల మాత్రం ఊపేది.

ఆ అడవిలో తెల్లంచు అనే కుర్ర సొరచేప ఉండేవాడు. వీపు మీది రెక్క కొసన తెల్లటి అంచు ఉంది గనుక ఆ పేరు. సొర అనగానే మంచం కింద దూరకండి. వాడు మీ నాన్నంత పొడవు కూడా ఉండడు. పగలంతా ఇసుక మీద బోర్లా పడుకుని కునికిపాట్లు పడేవాడు.

అడవి నడిమధ్య చదునైన రాయి ఒకటి ఉండేది. దాన్ని అందరూ తోముడు బండ అనేవారు. అక్కడ చారలత్త కాపురం. చారలత్త మీ చిటికెన వేలంత చేప, ఒంటి మీద నీలం చార. వచ్చిన చేపలందరి ఒళ్లూ పళ్లూ శుభ్రం చేయడం ఆమె పని. పళ్ల సందుల్లో ఇరుక్కున్న తిండి, మొప్పల్లో పట్టిన పురుగులు, అన్నీ ఏరుకుని తినేసేది. వాళ్లకు ఒళ్లు తేలిక, ఆమెకు కడుపు నిండుగా. పొద్దున్నే చేపలన్నీ అక్కడ వరస కట్టేవి.

ఆ బండకు ఒక కట్టుబాటు ఉంది. బండ దగ్గర ఎవరూ ఎవర్నీ కొరకకూడదు. చారలత్త నోట్లో ఉండగా నోరు మూయకూడదు. మూయక తప్పకపోతే ముందు ఒళ్లు ఒక్కసారి జలదరించాలి. అది తెలియగానే చారలత్త బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాతే నోరు మూసుకోవాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. తప్పినవాళ్లు మాత్రం లేరు.

ఆ అడవిని చూడ్డానికి మనుషులు వచ్చేవాళ్లు. వీపుకు గాలి డబ్బాలు, కళ్లకు అద్దాలు, కాళ్లకు బాతు పాదాల్లాంటి రెక్కలు. బుడబుడా బుడగలు వదులుతూ దిగేవాళ్లు. వాళ్లను వెంటబెట్టుకొచ్చేవాడు ఎల్లాజీ. వాళ్లది తాతల నాటి నుంచీ చేపల వేటకు వెళ్లే ఇల్లు. అతను మాత్రం వల పక్కనపెట్టి, ఉన్న చేపల్ని ఉన్నచోటే జనానికి చూపించే పని పట్టుకున్నాడు.

నీళ్లలో మాటలుండవు గనుక అంతా చేతి సైగలే. ఎల్లాజీ అరచేతిని నిలువుగా నుదుటి మీద పెట్టాడంటే, అదుగో సొర అని అర్థం. ఆ సైగ చేపలందరికీ తెలుసు. అది కనబడగానే మనుషుల కళ్లన్నీ తెల్లంచు మీదికి తిరిగేవి. చిలకముక్కు చేపలకు ఒళ్లు మండిపోయేది. ఇన్ని రంగులు పూసుకుని తిరుగుతుంటే మా వంక చూడరేమిటని వాటి బాధ.

ఒకరోజు కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషి పైకి తేలి, పడవ తాడు పట్టుకుని, "ఇదేం సొరయ్యా, మడుగులో పడుకున్న గేదెలా ఉంది. పళ్లన్నా చూపించదే" అన్నాడు. ఎల్లాజీ నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ మాట పడవ కింద తిరుగుతున్న బూరయ్య చెవిన పడింది.

బూరయ్య ఉబ్బుడు చేప. భయం వేస్తే గటగటా నీళ్లు తాగి బంతిలా ఉబ్బిపోతాడు. ఉబ్బడమే గొప్పతనమని వాడి నమ్మకం. మోసుకొచ్చిన మాటను ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు కూడా వాడికి లేదు. గేదెతో పాటు ఇంకో రెండు జంతువుల్ని కలిపి చెప్పాడు.

తెల్లంచుకు మనసు చివుక్కుమంది. మూడు రోజులు సరిగా తిండి కూడా తినలేదు. అప్పుడు బూరయ్య దగ్గరికొచ్చి, "బావా, లోకంలో ఉన్నదానికంటే పెద్దగా కనబడాలి. నాకు నీలాంటి పళ్లు లేవు గనుక ఉబ్బుతున్నాను. నీకేం, నోటినిండా ఉన్నాయి. చూపించు. భయపడిన చోటే మర్యాద" అని మునగచెట్టు ఎక్కించాడు. సముద్రంలో మునగచెట్టు ఎక్కడిదని అడక్కండి. పొగిడేవాడు ఉంటే ఎక్కడైనా మొలుస్తుంది.

మర్నాడు మనుషులు వచ్చినప్పుడు తెల్లంచు చారలత్తను బయటికి పోనిచ్చి, టకటకమని నాలుగుసార్లు పళ్లు కొరికాడు. కెమెరాలు తళుక్కుమన్నాయి. మనుషులు సంతోషంతో ఇన్నేసి బుడగలు వదిలారు.

రెండోరోజు అది చాలలేదు. ఇసుక రేగేలా ఒక్క ఉరుకు ఉరికి మనుషుల మీదికి పోయి, మూరెడు దూరంలో పక్కకు తిరిగాడు. ఒకావిడ నోట్లోని గాలి గొట్టం జారిపోయింది. ఎల్లాజీ పట్టుకుని పెట్టాడు గనుక సరిపోయింది. తెల్లంచు మాత్రం ఆ పూటంతా రెక్క నిక్కించుకునే తిరిగాడు.

మూడోరోజు చారలత్త వాడి నోట్లో వెనక పళ్ల దగ్గర పనిలో ఉంది. ఇంతలో పెద్ద కెమెరా ఒకటి నెమ్మదిగా ఎదురుగా వచ్చింది. తెల్లంచుకు ఆగబుద్ధి కాలేదు. ఒళ్లు జలదరించాలి, చారలత్త బయటికి రావాలి, అంతసేపు ఉంటే కెమెరా వెళ్లిపోదూ. టక్కున నోరు మూసేశాడు.

చారలత్త గుండె ఆగినంత పనైంది. ఆ చీకట్లో తడుముకుంటూ మొప్పల సందులోంచి ఎలాగో బయటపడింది. తోక కొస తెగిపోయింది. వరసలో ఉన్న చేపలన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి.

"సరదాకి అత్తా" అన్నాడు తెల్లంచు.

"నోరు నీది నాయనా, నీ ఇష్టం. తోక నాది. ఇంక నీ నోట్లో అడుగుపెట్టను" అంది చారలత్త. ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

ఆ రోజు నుంచి తోముడు బండ దగ్గర తెల్లంచుకు చోటు లేకుండా పోయింది. వాడొస్తే వరస చెదిరిపోయేది. ఎల్లాజీ కూడా వాణ్ని చూడగానే పిడికిలి బిగించి చూపించేవాడు. అంటే ప్రమాదం, దూరంగా ఉండండి అని. మనుషులు దూరం నుంచే చూసి వెళ్లిపోయేవాళ్లు. తెల్లంచు దీన్నే మర్యాద అనుకున్నాడు. పళ్లు తోమేవాళ్లు లేక చిగుళ్లు సలుపుతున్నా, పైకి మాత్రం ఏమీ లేనట్టే తిరిగాడు.

ఇలా ఉండగా ఒకనాడు పొద్దున్నే ఒక పగడం పక్కన చేప ముక్క వేలాడుతూ కనిపించింది. ఎవరి పడవలోంచో తెగిపోయిన గాలం అది. తెల్లంచు లటుక్కున నోట కరిచాడు. ముల్లు దవడలో దిగింది. గుంజుకుంటే గాలానికున్న సన్నటి నైలాన్ తాడు, అదే తంగూసు తాడు, పగడాల కొమ్మలకు చుట్టుకుంది. ఎంత గుంజుకుంటే అంత బిగిసింది. కట్టేసిన దూడలా బారెడు దూరం తిరగడమే, అంతకుమించి కదల్లేడు. కదల్లేకపోతే వేట లేదు. వేట లేకపోతే ఎన్నాళ్లు బతుకుతాడు?

ముందు బూరయ్యను పిలిచాడు. వాడు ఆ నోరు చూడగానే బంతిలా ఉబ్బి, ఎటు ఈదాలో తెలీక దొర్లుకుంటూ పోయాడు. తర్వాత చిలకముక్కు చేపల్ని బతిమాలాడు. రాళ్లు కొరికే మీకు తాడొక లెక్కా అన్నాడు. ఇది కూడా వీడి నాటకమేనని అవి దగ్గరికే రాలేదు. ఎండెక్కాక మనుషులు దిగారు. తెల్లంచు ప్రాణం లేచొచ్చింది. వాళ్ల వైపు ఉరికాడు. ఎల్లాజీ పిడికిలి పైకెత్తాడు, అందరూ వెనక్కి తగ్గిపోయారు.

మీద పడబోయింది సాయం అడగడానికేనని వాళ్లకెలా తెలుస్తుంది చెప్పండి? నిన్నటిదాకా వాడు చూపించింది పళ్లే కదా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

రెండు రోజులు గడిచాయి. తెల్లంచు డొక్కలు లోపలికి పోయాయి. మూడోరోజు చారలత్త అటుగా వెళ్తూ ఆగింది. దగ్గరికి రాలేదు.

"అత్తా, ఆ రోజు సరదాకి కాదు" అన్నాడు తెల్లంచు మెల్లగా. "కెమెరా వెళ్లిపోతుందేమోనని మూశాను. నువ్వు లోపలున్నావని తెలుసు. తెలిసే మూశాను. తప్పు నాది."

చారలత్తకు వాడి మీద కోపం పోయిందా అంటే పోలేదు. కానీ వాడు అబద్ధం చెప్పలేదు. ఆ దవడ వాపు చూస్తే జాలి వేసింది.

"నా నోరు బియ్యపుగింజంత. ఆ ముల్లు నేను లాగలేను. లాగగలిగేది ఆ ఎల్లాజీ ఒక్కడే" అంది. "అతను రావాలంటే నీ నోరు మూసుకోదని కళ్లారా చూడాలి. నేను లోపలికి వెళ్తాను. చూస్తాడు."

"వద్దత్తా. నొప్పికి నోరు మూసుకుపోతే?"

"పోతే పోయేది నేను. అది గుర్తుపెట్టుకుని తెరిచి ఉంచు."

మనుషుల బుడగలు కనిపించాయి. ఈసారి తెల్లంచు ఉరకలేదు. ఇసుక మీద బోర్లా పడుకుని, వాచిన నోరు నొప్పి ఓర్చుకుని తెరిచాడు. చారలత్త ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికి వెళ్లింది. బయటికొచ్చింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి వెళ్లి ముల్లు పక్కనే నిలబడిపోయింది.

ఎల్లాజీ ఎత్తబోయిన పిడికిలి సగంలోనే ఆపేశాడు. చారలత్త తెగిన తోక చూశాడు, తంగూసు తాడు చూశాడు. తన వాళ్లను అక్కడే ఉండమని సైగ చేసి, తనొక్కడే నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. ముందు పగడాలకు చుట్టుకున్న తాడు కోశాడు. తర్వాత చేయి చాపి ముల్లు పట్టుకున్నాడు.

పట్టుకోగానే తెల్లంచుకు ప్రాణం పోయినంత నొప్పి. నోరు మూసేస్తే చాలు, హాయిగా ఉంటుంది. లోపల చారలత్త ఉంది, మనిషి చేయి ఉంది. తెల్లంచు మూయలేదు. ఒళ్లంతా ఒక్కసారి జలదరించాడు.

చారలత్త చటుక్కున బయటికొచ్చింది. ఎల్లాజీ కూడా చేయి తీసేశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ బండను చూస్తున్నవాడు, అతనికి ఆ కట్టుబాటు తెలియకుండా ఎలా ఉంటుంది? తెల్లంచు నోరు మూసి, నొప్పి తగ్గేదాకా ఆగి, మళ్లీ తెరిచాడు. అలా రెండుసార్లు అయింది. మూడోసారి ఎల్లాజీ ముల్లును అటు తిప్పి ఇటు లాగాడు. ఊడి వచ్చేసింది.

ఎవరూ కేకలు పెట్టలేదు. నీళ్లలో ఎలాగూ కుదరదనుకోండి. కానీ ఆ రోజు పైకి లేచినన్ని బుడగలు మరెప్పుడూ లేవలేదని తాబేలు ఇప్పటికీ చెబుతుంది. దానికి మాటలు వచ్చని అందరికీ తెలిసింది అప్పుడే.

వారం తిరిగేసరికి దవడ మానింది. తెల్లంచు తోముడు బండ దగ్గరికి వెళ్లి వరసలో అందరికంటే చివర నిలబడ్డాడు. చిలకముక్కు చేపలు కొంచెం జరిగాయి గానీ పారిపోలేదు. వాడి వంతు రాగానే తెల్లంచు నోరు గట్టిగా మూసుకుని పక్కకు తిరిగాడు.

"ఒళ్లు మాత్రం తోము అత్తా. నోట్లోకి వద్దు. నిన్ను ఇంకోసారి భయపెట్టలేను" అన్నాడు పళ్ల మధ్య నుంచే.

"ముల్లు తీసిన రోజు నాకు భయం వేయలేదనుకున్నావా? చచ్చేంత భయం వేసింది" అంది చారలత్త. "ఇవాళ వేయడం లేదు. నోరు తెరు, కంపు కొడుతోంది."

తెల్లంచు నోరు తెరిచాడు. చారలత్త తోక ఊపుకుంటూ నేరుగా వెనక పళ్ల దాకా వెళ్లిపోయింది. ఏ కెమెరా తళుక్కుమనలేదు, ఎవరూ చూడనూ లేదు. అయినా తెల్లంచుకు తన జన్మలో అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు.

నీతి: మనల్ని చూసి భయపడేవాళ్లు వందమంది ఉన్నా కష్టంలో దగ్గరికి రారు. మనల్ని నమ్మేవాళ్లు ఒక్కరున్నా చాలు.