తెలివిశెట్టి వారి పిల్ల లెక్కల్లో గట్టెక్కిన వైనం

చెరుకుమిల్లిపాడులో తెలివిశెట్టి వారి ఇల్లెక్కడని ఎవర్నడిగినా ముందు ఒక నవ్వు నవ్వి, ఆ తర్వాత దారి చూపిస్తారు. అది గౌరవంతో నవ్వే నవ్వని ఆ ఇంటి పెద్ద గవర్రాజు నమ్మకం.

"అందరూ చదువుకుని తెలివి తెచ్చుకోవాలి. మనకి ఇంటిపేరులోనే వచ్చేసింది" అనేవాడు, తన పిండిమర దగ్గర కూర్చుని మీసాల మీద పిండి దులుపుకుంటూ. అతని పెళ్ళాం తాయారు ఔనని తలూపేది. తమ్ముడు దొరబాబు రెండుసార్లు ఊపేవాడు. తల్లి నాగరత్నమ్మ అయితే ఊపేది కాదు. తలూపితే లోపలున్న తెలివి తొణికిపోతుందని ఆవిడ భయం. ఆమధ్య డాక్టరుగారు "మంచం దిగకూడదు మామ్మగారూ" అంటే, చుట్టాలింట్లో పెళ్ళికి ఆవిణ్ణి మంచంతో సహా ట్రాక్టరెక్కించి తీసుకెళ్ళారు. డాక్టరు మాట జవదాటని ఇల్లది.

అలాంటి ఇంట్లో, పదో తరగతి చదువుతున్న హైమకి బళ్ళో పెట్టిన లెక్కల పరీక్షలో ఎనిమిది మార్కులొచ్చాయి.

పిల్ల గుమ్మంలో కూలబడి ఏడుస్తూంటే గవర్రాజు పక్కన కూర్చుని కళ్ళు తుడిచాడు. పాలిటెక్నిక్‌లో చేరతానని హైమ ఎప్పట్నించో అంటోంది. లెక్కలు తప్పితే ఆ ముచ్చట తీరనట్టే.

"ఊరుకోమ్మా. టీచరుగారు ఏమన్నారు?"

"నాకు వర్గ సమీకరణాలు రావట్లేదంట నాన్నా. గ్రాఫు అసలే రాదంట."

దొరబాబు తుళ్ళిపడ్డాడు. "వర్గ సమీకరణాలు రాకపోవడమేంటే! మొన్న సర్పంచి ఎన్నికల్లో పై వీధి వర్గం, చెరువుగట్టు వర్గం కలిసిపోయినప్పుడు విస్తళ్ళు వేసింది నేనేగా! ఎవరెవరు కలిశారో నేను చెప్తా, నువ్వు రాసెయ్."

"అవి కాదు బాబాయ్. ఇందులో ఎక్స్ ఉంటుంది, వై ఉంటుంది. ముందు ఎక్స్‌కి విలువ ఇవ్వాలంట. ఎక్స్‌కి విలువ ఇస్తే వై దానంతట అదే వస్తుందంట."

గవర్రాజు నుదురు కొట్టుకున్నాడు. "అదీ సంగతి! ఇన్నేళ్ళొచ్చాయి, మనింట్లో ఎక్స్‌ని ఎవరైనా పలకరించామా? మంచినీళ్ళిచ్చామా? విలువివ్వకపోతే ఎవరు మాత్రం మార్కులేస్తారు?"

అంతే. తాయారు వసారాలో పీట వేసింది. పీట మీద బియ్యప్పిండితో ఇంత లావు ఎక్స్ గీసింది. బొట్టు పెట్టింది. దొరబాబు విసనకర్ర తెచ్చి విసిరాడు. గవర్రాజు చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, "ఎక్స్ గారూ, ఇన్నాళ్ళూ తెలియక చేసిన తప్పు. మనసులో పెట్టుకోకండి" అన్నాడు. తర్వాత ఇంటిల్లిపాదీ వీధి గుమ్మం వైపు తిరిగి, వై కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

కాసేపటికి ఎవరో కుర్రాడు సైకిలు దిగి, "డిష్షు పెట్టించుకుంటామన్నది ఈ ఇల్లేనాండి?" అని అడిగాడు.

"నీ పేరేంటి బాబూ?"

"వై. కన్నబాబండి."

ఇంకేముంది! దొరబాబు ఎగిరి గంతేశాడు. తాయారు పరుగున వెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చింది. పులిహోర, గారెలు, పెరుగన్నం. కన్నబాబుకి ఏం అర్థం కాకపోయినా గారెలు మాత్రం అర్థమయ్యాయి. కడుపునిండా తిని, ఎదురింటి వెంకాయమ్మగారి డాబా మీద డిష్షు బిగించి వెళ్ళిపోయాడు.

మర్నాడు బళ్ళో రోహిణి టీచరు అడిగింది. "హైమా, ఎక్స్‌కి విలువ ఇచ్చావా? వై వచ్చిందా?"

"వచ్చాడండి. గారెలు తిని వెళ్ళాడండి."

క్లాసంతా గొల్లుమంది. టీచరు మాత్రం నవ్వలేదు. హైమని దగ్గరకి పిలిచి జరిగిందంతా విని, ఆ సాయంత్రం తనే వాళ్ళింటికి వచ్చింది. పబ్లిక్ పరీక్ష ఇంకో రెండు రోజుల్లో ఉంది. ఈ ఇంట్లో వాళ్ళకి నచ్చజెప్పకపోతే పిల్ల గట్టెక్కదని ఆవిడకి అర్థమైపోయింది.

"భయపడకండి. వర్గ సమీకరణం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. దానికి రెండు మూలాలుంటాయి, అవి పట్టుకుంటే చాలు" అని మొదలుపెట్టింది.

నాగరత్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. "రెండు మూలాలే! మా చిన్నన్నయ్యకి ఒక్క మూలానికే కూర్చోవడానికుండేది కాదు. పాపం, దానికి పల్చటి మజ్జిగ పట్టించకపోయారా అమ్మా?"

టీచరు మూలాలు పక్కన పెట్టేసింది. "సరే, గ్రాఫు చూద్దాం. తాయారుగారూ, మీకు ముగ్గులొచ్చుగా? గ్రాఫంటే చుక్కల ముగ్గే. ఎక్స్ ఒకటైతే వై ఒకటి. అంటే పక్కకి ఒకటి, పైకి ఒకటి. తర్వాత పక్కకి రెండు, పైకి నాలుగు. పక్కకి మూడు, పైకి తొమ్మిది. కుడి పక్క ఎలా ఉంటుందో ఎడమ పక్కా అచ్చం అలాగే ఉండాలి. చుక్కలు కలిపితే గిన్నెలా వస్తుంది. అదే పరావలయం."

"ఆయ్" అన్నాడు గవర్రాజు. ముగ్గనేసరికి అతనికి ధైర్యం వచ్చేసింది.

"అడుగున ఉన్న చుక్కని శీర్షం అంటాం. అది కదలదు. రెండు చేతులు మాత్రం పైకి పోతూనే ఉంటాయి. వాటికి అంతులేదు, మళ్ళీ ఎక్కడా కలవవు. రేపు పిల్లతో ఒక్క గ్రాఫు వేయించండి. మీరూ పక్కనుండి సాయం పట్టండి."

సాయం పట్టమంది కదా! మర్నాడు తెల్లారేసరికి పిండిమరలో ఉన్న బియ్యప్పిండి బస్తాలన్నీ వాకిట్లోకి వచ్చేశాయి.

"శీర్షం అంటే తలకాయేగా. ఈ ఇంటికి తలకాయని నేనే" అంటూ నాగరత్నమ్మ గుమ్మం ముందు పీటేసుకుని కూర్చుంది. "టీచరమ్మ కదలొద్దంది. ఇహ పిడుగు పడ్డా కదలను."

ఎడమ చెయ్యి గవర్రాజుది, కుడి చెయ్యి తాయారుది. చెరో సంచీ పిండి భుజాన వేసుకున్నారు. హైమ తమ ఇంటి డాబా ఎక్కి పైనుంచి అంకెలు చెప్పడం మొదలుపెట్టింది.

"పక్కకి ఒకటి, ముందుకి ఒకటి! పక్కకి రెండు, ముందుకి నాలుగు!"

మూడో చుక్కకి వాకిలి దాటారు. నాలుగో చుక్కకి రోడ్డు దాటారు. ఐదో చుక్క వెంకాయమ్మగారి వంటింట్లో పడింది. ఆవిడ ఇడ్లీలు దింపుతూ, "ఏంటయ్యా ఇది?" అంటే, "పరావలయమండి. మీరు కానివ్వండి" అని గవర్రాజు పొయ్యి పక్కగా గీత లాక్కుంటూ పెరటి గుమ్మంలోంచి పోయాడు. అవతల తాయారు ఆవిడ గొడ్లసావిట్లో దూరింది. గేదె బెదిరి పలుపు తెంచుకుంది. "కాస్త పక్కకి జరగమ్మా, పిల్ల పరీక్ష" అని దాన్ని బతిమాలుకుని ఆవిడా ముందుకి పోయింది.

ఇద్దరూ చేలల్లో తేలారు. పోనుపోను పక్కకి వేసే అడుగులు కొన్నే, ముందుకి వేసేవి బోలెడు. అయినా మధ్యన ఎడం పెరుగుతూనే ఉంది.

"ఏవండీ!" తాయారు అటునుంచి కేకేసింది. "నేను మంచినీళ్ళు తాగుతున్నాను!"

"అయితే నేనూ తాగుతాను. రెండు పక్కలా ఒకేలా ఉండాలిగా!"

గవర్రాజు తుమ్మాడు. అది విని తాయారు కూడా, రాకపోయినా, గడ్డిపరక ముక్కులో పెట్టుకుని తుమ్మింది. ఆవిడ కాలికి ముల్లు గుచ్చుకుంది. గవర్రాజు వెతికి వెతికి ఒక ముల్లు పట్టుకుని గుచ్చుకున్నాడు.

కాలవ అడ్డమొచ్చింది. నడుంలోతు నీళ్ళలో దిగి గవర్రాజు పిండి చల్లాడు. గీత నీళ్ళతోపాటు కిందకి కొట్టుకుపోయింది. దాని వెనకాల అతను కాసేపు పరుగెత్తి, "తాయారూ, నా చెయ్యి పోతోందే!" అని అరిచాడు. "నాదీ పోతోందండీ!" అని బదులొచ్చింది.

అప్పుడు తట్టింది గవర్రాజుకి అసలు విషయం. గట్టు మీదకెక్కి నిలబడిపోయాడు.

"ఒసేయ్ తాయారూ! ఇవి మళ్ళీ ఎక్కడా కలవవన్నారే టీచరుగారు!"

అటుపక్కనుంచి ఏడుపు వినిపించింది. "అయితే మనం ఇంకంతేనాండీ?"

"పిల్ల చదువు కోసం తప్పదే. వేళకి తిను. కీళ్ళనొప్పి మందు మర్చిపోకు."

"మీరూ జాగర్తండి. పచ్చడి కింద జాడీలో ఉంది. అయ్యో, మీకిక ఇంటికి రావడానికే లేదుగా!"

ఇద్దరూ చెరో గట్టు మీద నిలబడి భోరుమన్నారు. సమానంగానే ఏడ్చారు.

ఇంటి దగ్గర ఇంకో గొడవ. ఎడమ చేతి గీతని వెంకాయమ్మగారి కోళ్ళు సగం తినేశాయి. దొరబాబు కంగారుపడి ఆలోచించాడు. ఒక పక్క ఎంత ఉంటే రెండో పక్కా అంతే ఉండాలి. అంతే, కోళ్ళన్నిటినీ గంపలో కుక్కి, మోసుకెళ్ళి కుడి గీత మీద వదిలాడు. వాటికి అప్పటికే కడుపు నిండింది. ఒక్కటీ ముట్టలేదు. "తినండే, మీకు పుణ్యముంటుంది" అని వాటి ముందు వంగి దణ్ణాలు పెడుతూంటే రోహిణి టీచరు స్కూటీ వచ్చి ఆగింది.

"మీ అన్నయ్యా వదినా ఏరండీ?"

"అంతులేని చోటికి వెళ్ళారండి."

టీచరు స్కూటీ దిగి వాకిట్లోకి పరుగెత్తింది. పీట మీద నాగరత్నమ్మ కళ్ళొత్తుకుంటోంది. విషయం తెలిశాక టీచరు స్కూటీ చేలగట్టు మీదకి పోనిచ్చి, గొంతు చించుకుని అరిచింది. "గవర్రాజుగారూ! వెనక్కి వచ్చేయండి!"

"ఎలాగండీ? అంతు రాలేదుగా!"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "గీత చివర బాణం గుర్తు పెట్టేయండి! బాణం పెడితే ఇంకా పోతోందని అర్థం. మిగతాది అదే పోతుంది, మీరు పోనక్కర్లేదు!"

గవర్రాజు గట్టు మీద జాగర్తగా బాణం గీశాడు. అవతల తాయారూ గీసింది. గీతలు పోతూనే ఉన్నాయి, మనుషులు మాత్రం వెనక్కి తిరిగారు. వాకిట్లో కలుసుకున్నప్పుడు ఏళ్ళ తర్వాత చూసుకున్నట్టు ఒకళ్ళనొకళ్ళు తడిమి చూసుకున్నారు.

హైమ డాబా మెట్లు దూకుతూ వచ్చింది.

"టీచర్, నాకు తెలిసిపోయింది! పైనుంచి అంతా కనిపించింది. మధ్యలో మామ్మ. మామ్మ నుంచి నాన్న ఎంత పక్కకి ఉంటే అమ్మా అంతే పక్కకి. ఇద్దరూ ఎప్పుడూ ఒకే ఎత్తులో. పక్కకి కొంచెం జరిగితే పైకి అంత పోతుంది, ఎందుకంటే దాన్ని దాంతోనే గుణిస్తున్నాం!"

రోహిణి టీచరు పిల్ల తల నిమిరింది.

పరీక్షలో గ్రాఫు వచ్చింది. హైమ గీసింది, చివర బాణాలు కూడా పెట్టింది. ఫలితాలొచ్చాక చూస్తే లెక్కల్లో ఎనభై మూడు.

గవర్రాజు సంబరానికి పట్టపగ్గాల్లేవు. ఇంటిముందు షామియానా వేయించి, టీచరుగారికి సన్మానం పెట్టాడు. పువ్వుల ఆర్చీ వాకిట్లో నిలబెడుతూంటే చూసి హైమ మురిసిపోయింది. "నాన్నా, ఇదీ పరావలయమే. కాకపోతే ఎక్స్ వర్గం ముందు మైనస్ ఉంటే ఇలా బోర్లా పడి మొహం వేలాడేస్తుంది. ప్లస్ ఉంటే పైకి తెరుచుకుని నవ్వుతుంది" అని చెప్పి చీర కట్టుకోవడానికి లోపలికి పోయింది.

గవర్రాజు ఆర్చీ వంక చూశాడు. మొహం మాడిపోయింది.

"పిల్ల పాసై మేం సంతోషంగా ఉంటే, మా ఇంటి ముందు మొహం వేలాడేస్తుందా? తిప్పండి దాన్ని!"

షామియానా వాళ్ళు ఎంత చెప్పినా గవర్రాజు వినలేదు. ఇంకేముంది, ఆర్చీ తలకిందులైంది. కాళ్ళు రెండూ ఆకాశంలోకి లేచాయి, గులాబీలన్నీ నేలకి ఆనుకున్నాయి, 'సుస్వాగతం' అక్షరాలు శీర్షాసనం వేశాయి.

రోహిణి టీచరు వచ్చి దాని ముందు నిలబడింది. "ఇదేంటండీ గవర్రాజుగారూ?"

"నవ్వుతోందండి!"

దాటుకుని రావడం తప్ప దారి లేదు. టీచరు చీర కుచ్చిళ్ళు పట్టుకుని కాలెత్తేసరికి నాగరత్నమ్మ లోపల్నించి కంగారుగా కేకేసింది.

"అమ్మాయ్! ఆర్చీ కదా, తల తగులుతుంది. వంగి రా!"

టీచరు తలెత్తి చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. మామ్మ వంక చూసింది. చూసి, బుద్ధిగా వంగి, లోపలికి అడుగు పెట్టింది.

ఆ వెనకాలే వస్తున్న హెడ్మాస్టరుగారు పొడుగు మనిషి. ఆయన ఇంకాస్త ఎక్కువ వంగాడు.